ఆపరేషన్‌కి ముందు నుంచే

మా ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు. కానీ తెలుగు అక్షరం చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయన, మా అత్త, ఆడబిడ్డ, చివరికి నా కూతురు కూడా చదువంతా అరవంలోనే, లేదంటే ఇంగ్లీషులో. నేను నాయుడుపేట వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి ఈ అక్షరాలు నాతో వచ్చాయి. ఈ కాగితాలు హాల్లో టీవీ పక్కన పెట్టి మరిచిపోయినా ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నేను నిద్రలో పక్క తడుపుతాను. నాకిప్పుడు నలభై నాలుగేళ్ళు. చిన్నప్పటిది పోయి ఈ వయసులో మళ్ళీ వచ్చిందేమో అనుకునేరు. అసలు పోనేలేదు. వారంలో రెండు సార్లో మూడు సార్లో, నా ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. తెల్లవారుజామున వీపు కింద చల్లగా తగిలి మెలకువ వస్తుంది, ఛీ అనుకుంటూ లేస్తాను.

మా అమ్మ చెయ్యని వైద్యం లేదు. పొద్దుగూకాక మంచినీళ్ళు ఇచ్చేది కాదు. నువ్వులూ బెల్లం దంచి ముద్దలు తినిపించింది, తాయెత్తు కట్టించింది, పక్కింటివాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి తిట్టింది. ఏదీ పని చెయ్యకపోయేసరికి, పెళ్ళయితే అదే పోతుందని తేల్చేసింది. ఎవరు చెప్పారో ఆమెకు ఆ మాట! పుదుచ్చేరి బజారులో స్టీలు పాత్రల అంగడి ఉన్నవాళ్ళ సంబంధం వస్తే విషయం దాచి పెళ్ళి చేసింది. నేనూ నోరు మూసుకుని తాళి కట్టించుకున్నాను.

మొదటి మూడు రాత్రులు కన్ను మూయలేదు. నాలుగోనాడు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. తెల్లారి చూస్తే మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు, ఆయన పంచె కూడా తడిసిపోయింది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆయన ఫ్యాను పెద్దది చేసి, పరుపు తిరగేసి, స్నానానికి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా సేదరపేట్‌లో తెలిసినవాళ్ళ ఫ్యాక్టరీ నుంచి మెత్తటి షీటు ఒకటి తెచ్చాడు, కదిలితే చప్పుడు రానిది. అంగడిలో పాత్రల కింద పరచడానికని అక్కడ చెప్పాడట. ఆయన మంచితనమంతా అలాంటిదే. పని చేసిపెడతాడు, నోరు మాత్రం విప్పడు.

ఇంట్లో ఎలాగో గడిచిపోయేది. మా గది మేడ మీద. మోకాళ్ళ నొప్పులతో అత్త మెట్లెక్కదు. అందరూ లేచేలోపు నేను దుప్పటి ఉతికి మిద్దె మీద ఆరేసేదాన్ని. రోజూ దుప్పట్లు ఉతుకుతుందని, మా కోడలంత శుభ్రమైన మనిషి ఈ వీధిలోనే లేదని అత్త అందరితో చెప్పుకునేది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

కష్టమంతా ఊరు కదిలితేనే. మా వాళ్ళది ఒక పద్ధతి. ఏ ఊరు వెళ్ళినా రెండు గదులు తీస్తారు, ఒకటి మగవాళ్ళకి, ఒకటి ఆడవాళ్ళకి. మొగుడూ పెళ్ళాం ఒక గదిలో పడుకోవడం ఇంటికే, బయట కాదు. అంటే అత్త, ఆడబిడ్డ, నేను ఒకే గదిలో, రెండు మంచాలు కలిపేసి పక్కపక్కన. పెళ్ళయిన మూడో నెలలో తిరుపతి ప్రయాణం పెట్టారు. కొండ కింద లాడ్జిలో ఆ మంచాలు చూడగానే గదిలోంచి బయటికి వచ్చేశాను. మెట్ల దగ్గర మా ఆయన్ని పట్టుకుని ఏం చెయ్యమంటారని అడిగాను. ఆయన దూరం అని చెప్పమన్నాడు.

నెలసరిని ఇక్కడ దూరం అంటారు. ఈ కాలంలో కూడా ఇలాంటివి పాటిస్తారా అంటే, మా ఇంట్లో పాటిస్తారు. దూరమైన ఆడది విడిగా చాప వేసుకుని పడుకోవాలి. తన గ్లాసు, తన దుప్పటి వేరు. తెల్లారగానే అందరికంటే ముందు లేచి తన బట్టలు తానే ఉతుక్కోవాలి, ఆ మూట ఎవరూ తాకరు, అందులో ఏముందని ఎవరూ అడగరు. నాకు ఇంతకంటే ఏం కావాలి? చదువుకున్న రోజుల్లో ఈ ఆచారం మీద ఒంటికాలి మీద లేచేదాన్ని. అదే నన్ను దాచిపెట్టింది.

అత్తకు చెప్పాను. ఆమె ముఖం చిట్లించి, టికెట్లు తీసేటప్పుడే రోజులు లెక్క చూసుకోవద్దా అని విసుక్కుంది. అంతే, నాకు గోడ వారగా చాప దొరికింది. మర్నాడు వాళ్ళంతా కొండెక్కారు, నేను లాడ్జిలోనే ఉండిపోయాను. తిరిగొచ్చాక ఆడబిడ్డ నా చెయ్యి తగలకుండా పైనుంచి లడ్డు ముక్క వదిలింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆరుసార్లు తిరుపతి వెళ్ళాను. ఒక్కసారీ స్వామిని చూడలేదు.

ఒకసారి పని చేసిన అబద్ధాన్ని వదలబుద్ధి కాదు. కంచికి పట్టుచీరల కోసం వెళ్ళినా, మద్రాసులో పెళ్ళికి వెళ్ళినా, హోటల్లో అడుగుపెట్టిన సాయంత్రమే నేను దూరం అయ్యేదాన్ని. నా సంచిలో అడుగున ఆ షీటు, దాని మీద నాలుగు మడతల పాత నూలు చీర, ముదురు రంగు నైటీలు రెండు, తడివి వేసుకోవడానికి మూతి బిగించే కవర్లు. మధ్యాహ్నం దాటితే కాఫీ ముట్టేదాన్ని కాదు. పెద్దవాళ్ళ డైపర్లు వచ్చాక కొంచెం ధైర్యం వచ్చింది. కానీ కొనడం ఎలా? టౌనులో ఏ మందుల షాపువాడైనా మా ఆయనకు తెలిసినవాడే. అందుకని బస్సెక్కి అరియాంకుప్పం వెళ్ళేదాన్ని. అక్కడి షాపాయన పేషెంటు లావా సన్నమా అని అడిగాడు. మా మామగారికి అని చెప్పాను, ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంత చేసీ, పక్కకి ఒత్తిగిలి పడుకుంటే అవి కారిపోయేవి. చాప తప్పలేదు.

నా కూతురికి మూడేళ్ళున్నప్పుడు, మద్రాసు హోటల్లో, అమ్మ దగ్గరే పడుకుంటానని గుక్కపెట్టి ఏడ్చింది. అత్త దాని నడుం పట్టుకుని ఆపుతూ, అమ్మను తాకకూడదు అని సముదాయిస్తోంది. అది చేతులు చాపి నా వైపు గింజుకుంటోంది. నేను గోడకు తిరిగి పడుకున్నాను. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. అయినా నిజం చెప్పలేదు. తర్వాత్తర్వాత అది ఏడవడం మానేసి అత్త పక్కనే పడుకోవడం అలవాటు చేసుకుంది.

అబద్ధపు దూరాలు సరే, అసలువి కూడా ఉంటాయి కదా! ప్రయాణాలున్న నెలల్లో రెండూ కలిపి రెండు, ఒక్కోసారి మూడు అయ్యేవి. అత్త పూజగదిలో కాలెండరు మీద నా రోజులకు పెన్సిలుతో గుండ్రాలు చుట్టేది, వంట ఎవరు చెయ్యాలో, పండగ ఎలా గడపాలో చూసుకోవడానికి. ఆ గుండ్రాలు పెరిగేకొద్దీ ఆమె విసుగు పోయి భయం మొదలైంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మునగాకు వండి పెట్టేది, ఖర్జూరాలు నానబెట్టి ఇచ్చేది. నా ఆరోగ్యం కోసమని శనివారాలు ఒంటిపూట ఉండడం మొదలుపెట్టింది. ఆమె చెడ్డ మనిషైతే నాకు ఎంత సులువుగా ఉండేదో!

ప్రయాణాలకు ముందు వేసుకుంటే నెలసరి వెనక్కి జరిగే మాత్రలుంటాయి. అత్త వాటిని తనే తెప్పించింది. కంచి ప్రయాణానికి వారం ముందు నుంచి రోజూ ఒక మాత్ర నా అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించి, మింగేదాకా నిలబడింది. మింగాను. అవి ఒంటికి పడక కడుపులో తిప్పేది, వాంతులయ్యేవి. కంచిలో హోటలు గదికి వెళ్ళగానే మళ్ళీ అదే పాట పాడాను, అత్తా నేను దూరం అని.

ఆమె తిట్టలేదు. మంచం మీద కూలబడి నా ముఖం వంక చూసింది.

"ఆ మాత్రకి కూడా నిలవలేదా? ఏందిమే ఇది, లోపల ఏదో ఉండాది నీకు. ఇంక ఊరుకునేది లేదు."

మా ఇంటి ఆడవాళ్ళు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళరు. అదే గనక వెళ్ళనిస్తే నేను ఎప్పుడో మూత్రం డాక్టరుకు చూపించుకుని ఉండేదాన్ని. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారని, మందులున్నాయని ఫోన్‌లో చదివాను. చదివి ఏం లాభం, ఎక్కడికెళ్ళినా పక్క కుర్చీలో అత్త ఉంటుంది. కంచి నుంచి వచ్చిన నాలుగో రోజు ఆమె నన్ను వెంటబెట్టుకుని టౌనులోనే ఒక నర్సింగ్ హోముకు వెళ్ళింది. మా ఆయన కారు నడిపి, బయట బెంచీ మీద కూర్చుండిపోయాడు.

డాక్టరమ్మ తేదీలు అడిగింది. నేను నోరు తెరిచేలోపు అత్త సంచిలోంచి చుట్ట చుట్టిన కాలెండర్లు తీసింది, మూడేళ్ళవి. ఒక్కో నెలా విప్పి బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని ఆ గుండ్రాలన్నీ చూసి, ఇన్ని రోజులూ రక్తం పోతోందా అని నన్నడిగింది. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసింది. అవునన్నాను.

స్కానింగులో ఉసిరికాయంత గడ్డ కనబడింది. ఈ వయసులో చాలామందికి ఉండేదేనట. కానీ ఆ తేదీలతో కలిపి చూస్తే గర్భసంచి తీసెయ్యడం మంచిదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ తర్వాత వచ్చే ఇబ్బందులు కూడా వరసగా చెప్పుకుంటూ పోయింది, కొన్నాళ్ళు నడుం నొప్పి, నీరసం. ఎవరికో కొందరికి మూత్రం ఆపుకోవడం కష్టమవుతుందని కూడా అంది. ఆ ఒక్క మాట దగ్గర నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

ఇంటికొచ్చి మిద్దె మీద బట్టలు తీస్తున్నాను. మా ఆయన వెనకాలే వచ్చాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయనంతట ఆయన ఈ మాటెత్తాడు.

"అమ్మతో చెప్పేద్దాం. నేనే చెప్తా. లేని జబ్బుకి కడుపు కోయించుకుంటావా?"

"ఉండే జబ్బుకి ఒక పేరు దొరుకుతుంది కదా," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. ఆపరేషన్ అయ్యాక పక్క తడిస్తే ఎవరూ ఛీ అనరు, పాపం అంటారు. అది రోగమవుతుంది, తప్పు కాదు. అదే ఇప్పుడు నిజం చెబితే? నా రోగం సంగతి అటుంచి, దేవుడి విషయంలో ఇరవై ఏళ్ళు నేనూ ఆయనా కలిసి ఆ ముసలామె కళ్ళకు గంతలు కట్టామని తెలుస్తుంది. పండగలకు నేను దూరమని ఆమె ఒంటిచేత్తో వండిన వంటలు, నా కోసం మాడ్చుకున్న శనివారాలు, అన్నీ ఆమెకు గుర్తొస్తాయి. ఆ ముఖం ఎలా చూడను? ఆయన నీళ్ళు నిండిన కళ్ళతో తల వంచుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. మొదటి రోజు లాడ్జి మెట్ల దగ్గర ఈ ధైర్యం ఏమైంది? మీరు ఒక్క మాట మాట్లాడినా నా మీద ఒట్టే అన్నాను. ఆయన మళ్ళీ నోరెత్తలేదు, ఆయనకు అది బాగా అలవాటైన పనే.

అలా నా చేతులతో నేనే సంతకం పెట్టాను.

తీసినదాన్ని ఇంటివాళ్ళకు చూపిస్తారు. నర్సు ట్రేలో పెట్టుకొచ్చి అత్తకు చూపించిందట. నాకు మత్తు దిగాక అత్త నా తల నిమురుతూ ఆ సంగతి చెప్పింది. గుప్పెడంత ఉందట, శుభ్రంగానే ఉందట. తప్పేమీ లేనట్టే ఉండాది చూస్తే, అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. నేను కళ్ళు మూసుకున్నాను. దాంట్లో నా బిడ్డ తొమ్మిది నెలలు ఉంది. దాని తప్పు ఏమీ లేదని నాకు తెలుసు.

మూత్రానికి పెట్టిన ట్యూబు తీసేసిన మర్నాడే నర్సింగ్ హోము మంచం తడిపాను. పక్క బెంచీ మీద పడుకున్న అత్తే ముందు చూసింది. నర్సు కొన్నాళ్ళు ఇలా ఉంటుంది అని చెప్పి దుప్పటి మార్చింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఇప్పుడు నేను దాచడం మానేశాను కాబట్టి కింద గదిలోనే పడుకునేదాన్ని, తడిసిన ప్రతిసారీ అత్తకు తెలిసేది. ఆమె నన్ను తనంతట తానే మూత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇన్నాళ్ళూ నేను చేరాలనుకున్న కుర్చీలో కూర్చున్నాను. ఆయన మొట్టమొదట అడిగింది, ఎప్పటి నుంచి అని. పక్కన అత్త. ఆపరేషన్ అయినప్పటి నుంచి అన్నాను. దానికి తగ్గ మందులే రాశాడు, అవి ఎందుకు పని చేస్తాయి?

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను, ఆ రోజుల్లో నాకు సుఖంగానే ఉండింది. చుట్టాలు వచ్చి చేతులు పట్టుకుని అరవం యాసలో పావం అనేవాళ్ళు. ఆడబిడ్డ పిళ్ళైచావడిలోని తన అత్తారింటి నుంచి వారం వారం వచ్చి పసిబిడ్డలా చూసుకుంది. నలభై రెండేళ్ళు నేను దొంగలా బతికిన విషయం మీద ఇంత దయ కురుస్తుంటే కాదని ఎలా అంటాను.

మొన్న తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, ఆడబిడ్డ కూతురి పెళ్ళి జరిగింది. ఇక్కడే, సముద్రం రోడ్డుకు దగ్గర్లో ఒక హోటలు. ఇల్లు పది నిమిషాల దూరమే అయినా, మగపెళ్ళివారు దిగిన చోట మనం లేకపోతే మర్యాద కాదని అత్త మూడు రోజులు అక్కడే గదులు తీయించింది. ఎప్పటిలాగే ఆడవాళ్ళకు ఒకటి, మగవాళ్ళకు ఒకటి. రిసెప్షన్ దగ్గర అందరి ముందూ, మగపెళ్ళివారు అటూ ఇటూ తిరుగుతుండగా, అత్త బల్ల మీద చెయ్యి ఆనించి మా కోడలికి ఆపరేషన్ అయింది, దుప్పట్లు నాలుగు ఎక్కువ పంపించండి అని అరవంలో అడిగింది. అక్కడి అమ్మాయి సరేనని రాసుకుంది. భూమి బద్దలు కాలేదు. ఆ రాత్రి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను హోటల్లో మంచం మీద పడుకున్నాను, అత్తకూ గోడకూ మధ్య.

తెల్లవారి మెలకువ వచ్చేసరికి నా కింద పొడి దుప్పటి ఉంది. నన్ను నిద్ర లేపకుండా, మెల్లగా పక్కకి దొర్లించి ఎప్పుడు మార్చారో తెలియలేదు. నా కూతురు అటు తిరిగి పడుకుని ఉంది. బాత్రూములోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. వెళ్ళి తలుపు తోశాను.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి. మడవలేని మోకాళ్ళను బార్లా చాపుకుని తడి నేల మీద కూర్చుని ఉంది. ముందు బకెట్టు, చేతుల్లో నేను కింద పరుచుకున్న నూలు చీర. పెళ్ళికని వేసుకున్న బంగారు గాజులు పైకి తోసుకుని సబ్బు రుద్దుతోంది. నేను వంగి చీర లాక్కోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"ఇడిచిపెట్టు మే. నిన్ను ఆ డాక్టరు దగ్గరికి ఈడ్చుకొని పోయింది నేను కదా. బాగుండే బిడ్డని నేనే ఇట్ల చేస్తిని. నేను కడిగితేనే నాకు కొంచెం నిద్ర పడతాది."

ఆమె ఏడవడం లేదు. చీర పిండుతూ మామూలుగానే చెప్పింది, చాలా రోజులుగా లోపల అనుకుంటూ ఉన్న మాటలా. అప్పుడు తెలిసింది నాకు, ఈ రెండేళ్ళుగా ఆమె తిండి ఎందుకు తగ్గిందో, నా వంక చూసేటప్పుడు కళ్ళు ఎందుకు దించుకుంటుందో. నా సిగ్గు నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. తీసి ఆమె నెత్తిన పెట్టాను.

చెప్పాలి. అత్తా, ఇది ఆపరేషన్‌కి ముందు నుంచే ఉంది, పుట్టినప్పటి నుంచీ ఉంది, మీరేమీ చెయ్యలేదు. ఇంతే మాటలు. గుమ్మం పట్టుకుని నిలబడి నోరు తెరిచాను కూడా. ఆమె తలెత్తి ఏంది అన్నట్టు చూసింది.

"సబ్బు నేల మీద పెట్టొద్దండి అత్తా, లేచేటప్పుడు కాలు జారుతుంది," అన్నాను.

ఆమె సరి అని సబ్బు తీసి పక్కన పెట్టుకుంది.